కొళాయి దగ్గర చదివిన చీటీ

నాకు కోపం ఎక్కువ. ఇది మా ఇంట్లో అందరూ అనే మాటే, నేను కొత్తగా ఒప్పుకుంటున్నదేమీ కాదు. అరవై దాటితే తగ్గుతుందన్నారు, తగ్గలేదు. మొన్న బుధవారం పొద్దున్న పెరూ దేశపు అమ్మాయి మా సెంబవాంగ్ ఫ్లాట్‌కి వచ్చి భోజనాల బల్ల మీద ఒక కాగితం పరిచింది. అది చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఈ అమ్మాయి మా పై అంతస్తులో ఉంటుంది. మొగుడు గుంటూరు వైపు కుర్రాడు, చాంగీ బిజినెస్ పార్క్‌లో ఏదో బ్యాంకుకి కంప్యూటర్ల పని చేస్తాడు. అతను నన్ను ఆంటీ అంటాడు కాబట్టి ఆమెకీ నేను ఆంటీనే. ఆమె సొంత భాష స్పానిష్. ముప్పై ఏళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన దాన్ని ఇంట్లో ఖాళీగా ఉన్నానని, వారానికి రెండుసార్లు వచ్చి నాతో ఇంగ్లీషులో కబుర్లు చెబుతుంది.

ఆమెకి ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పేపరు మొత్తం చదువుతుంది. టాలరేట్, పోస్ట్‌పోన్, ఎక్స్‌టింగ్విష్ లాంటి పెద్ద పెద్ద మాటలకి వాళ్ళ భాషలోనూ దగ్గరి చుట్టాలున్నాయట, చూడగానే గుర్తుపడుతుంది. వాటి బదులు పుటప్ విత్, పుటాఫ్, పుటౌట్ అన్నామా, ఇక బిక్కమొహమే. చిన్న చిన్న మాటలు రెండేసి జట్టు కట్టి వస్తే ఆమెకి ఊపిరాడదు.

ఆ కాగితం ఆమె చేరిన ఇంగ్లీషు క్లాసు టీచరు రాసిచ్చింది. శుక్రవారం ఒక చైల్డ్‌కేర్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది, అక్కడ చూపించుకోవచ్చని అడిగి తెచ్చుకుంది.

"ఇందులో గుడ్ అని ఒక చోట ఉంది ఆంటీ. మిగిలినదానికి ఫోన్ ఒక్కో మాటకి నాలుగు అర్థాలు చెబుతోంది. బాగానే రాసిందా?" అంది.

హోల్డ్స్ బ్యాక్, ట్రెయిల్స్ ఆఫ్, ఫాల్స్ బిహైండ్. అన్నీ చిన్న మాటలే. ఈ మనిషి నలుగురిలో నోరు తెరవదు, తెరిచినా వాక్యం మధ్యలో వదిలేస్తుంది, తోటివాళ్ళని అందుకోలేదు, పిల్లల మధ్య పనికి ఇప్పుడే పెట్టుకోకండి అని దాని సారాంశం.

ఆమె నా మొహంలోకి చూస్తోంది. "బాగుందమ్మా" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది. టీ పెట్టి వస్తానని వంటింట్లోకి పారిపోయాను.

పాలు పొయ్యి మీద పెట్టాను. సరిగ్గా ఇలాగే ఒక కాగితం పట్టుకుని నేను ఒకసారి నిలబడ్డాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

అప్పుడు ఇక్కడ ఫ్లాట్లు లేవు. తెల్లదొరల నావల్ బేస్ వెనక కూలీల లైన్లు ఉండేవి, ఒక్కో లైనుకి పదేసి ఇళ్ళు, ఇంటికి గదిన్నర. మా లైనులో సగం తెలుగువాళ్ళమే. తాతల నాడు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. నాన్న డాక్‌యార్డులో ఓడలకి రంగు వేసేవాడు. సాయంత్రం సైరన్ మోగగానే గేటులోంచి వందల సైకిళ్ళు ఒక్కసారి బయటపడేవి. మా నాన్న ఇంకా మలుపులో ఉండగానే టర్పెంటైన్ వాసన మా గుమ్మంలోకి వచ్చేసేది.

ఆ వాసనకి తోడు మా అమ్మ ఎండురొయ్యలు వేయించే వాసన, పక్కింటి మలాయీ వాళ్ళు రొయ్యల ముద్ద కాల్చే వాసన. ఇప్పుడు మా బ్లాకులో ఎవరైనా ఎండుచేప వేయిస్తే కింద నోటీసు అంటిస్తున్నారు. సరే, ఆ కోపం వేరే.

పిల్లలం అగ్గిపెట్టెల్లో సాలీళ్ళని పెంచి పందేలు వేసేవాళ్ళం. గట్టిపాల డబ్బాకి మేకుతో రెండు చిల్లులు పెట్టి, అమ్మ చూడకుండా పీల్చి, చిల్లుకి అన్నం మెతుకు అంటించి యథాస్థానంలో పెట్టేదాన్ని. చీమలు వచ్చి నా గుట్టు బయటపెట్టేవి. వీపు మోగేది. అడ్డొచ్చి విడిపించేది మా అత్త.

అత్త అంటే మేనత్త, నాన్న చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకి మొగుడు జ్వరంతో పోతే మా ఇంటికి వచ్చేసింది. గదిన్నర ఇంట్లో మేం ఆరుగురం, ఏడో మనిషి అత్త. "తా దూర కంత లేదు, మెడకో డోలు" అని అమ్మ గిన్నెలు తోముతూ గిన్నెలతో అన్నట్టుగా అనేది. అత్త వినేది, పలికేది కాదు. తెల్లారకుండా లేచి గుట్ట మీది బంగళాకి పనికి వెళ్ళిపోయేది.

ఆ బంగళాలో ఒక తెల్ల ఆఫీసరు కుటుంబం ఉండేది. అత్త అక్కడ ఆమా. వంట, బట్టలు, ఇల్లు, పిల్ల, అన్నీ చూసే పనిమనిషిని ఆమా అనేవాళ్ళు. దొరసానికి ఒక్కతే కూతురు. ఆ పిల్ల పుట్టిన పదోరోజు నుంచి ఆరేళ్ళు అత్త చేతుల్లోనే పెరిగింది.

అత్తకి తెలుగు చదవడం, రాయడం వచ్చు. ఇంగ్లీషులో అక్షరం ముక్క రాదు. కానీ చెవులున్నాయి. దొరసాని పారేసిన పాత డైరీ ఒకటి తెచ్చుకుని, ఆమె నోట విన్న ప్రతి పురమాయింపూ తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన బొమ్మ వేసుకునేది. పుటవే పక్కన బీరువా బొమ్మ. టేక్‌డౌన్ పక్కన తీగ మీద బట్టలు. వైపాఫ్ పక్కన బల్ల, గుడ్డ.

సాయంత్రం లైను చివర కొళాయి దగ్గర ఆడవాళ్ళంతా బిందెలు వరసలో పెట్టి కూర్చునేవాళ్ళు. కొత్తగా బంగళాల్లో పనికి కుదిరిన వాళ్ళకి అక్కడే అత్త బడి పెట్టేది.

"పుట్ అంటే ఏటీ నేదర్రా. దాని ఎనకమాల ఏటొచ్చిందో సూడాల. అవే అంటే సర్దీడం. అవుట్ అంటే ఆర్పీడం. ఆన్ అంటే తొడుక్కోడం. ఇంగ్లీసు మాట ఒంటిగా నడవనేదు, పక్కోడి బుజం మీద సెయ్యేసి నడుస్తాది" అనేది. బిందెలు నిండి పొర్లిపోతున్నా ఎవరూ కొళాయి కట్టేవాళ్ళు కాదు.

నేను ఇంగ్లీషు బడిలో చదివేదాన్ని. స్పెల్లింగుల్లో ఫస్టు. నాకు పెద్ద మాటల పిచ్చి. "అత్తా, అది పనివాళ్ళ ఇంగ్లీషు. పుటౌట్ అనకూడదు, ఎక్స్‌టింగ్విష్ అనాలి" అన్నాను ఒకసారి అందరి ముందూ.

"పనోళ్ళదో పాలేరుదో, దీపం ఆరినాదా, నేదా?" అంది అత్త. కొళాయి దగ్గర నవ్వులే నవ్వులు. నాకు ఒళ్ళు మండింది. మూడు రోజులు అత్తతో మాట్లాడలేదు. నాలుగో రోజు రుమాలులో దాచి జామ్ బిస్కెట్లు తెచ్చింది, మాట్లాడాను.

తరవాత, దొరలు వెళ్ళిపోతున్నారని కబురు పుట్టింది. బేస్ మూసేస్తారట, లైన్లు ఖాళీ చేయాలట. ఎవరిళ్ళ ముందు చూసినా ఇవే మాటలు. "తెల్లోడు ఎలిపోతే మన బతుకు సుసా లా" అని పక్కింటి తాత రోజంతా అరుగు మీద కూర్చుని అదే పాట. సుసా అంటే మలాయీలో కష్టం, చివరి లా ఉత్త ఊతపదం. నాన్నకి ఇంకో షిప్‌యార్డులో పని దొరికేలా ఉంది. అత్త సంగతే తేలలేదు. వంతెన అవతలి జోహోర్‌లో అమ్మ పినతండ్రి ఇంట్లో పదకొండు మందికి వంట చేసే మనిషి కావాలన్నారు. తిండి పెడతారు, జీతం ఉండదు, చుట్టరికం కదా. అమ్మ ఆ మాట పట్టుకుని కూర్చుంది.

అత్తకి ఆ గొడ్డుచాకిరీ ఇష్టం లేదు. ఊళ్ళో ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డుకి ఆయాలని తీసుకుంటున్నారని విన్నది. నెలజీతం, ఉండడానికి గది. "నా గది. నా తలుపు. నా తాళం" అని నా ఒక్కదాని చెవిలో చెప్పింది. ఆ మూడు ముక్కలు చెప్పేటప్పుడు ఆమె మొహం ఎలా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

దొరలు వెళ్ళేటప్పుడు పనివాళ్ళకి చీటీ రాసివ్వడం అప్పటి ఆనవాయితీ. ఫలానా మనిషి మా ఇంట్లో ఇన్నేళ్ళు చేసింది, ఇలాంటిది అని ఒక కాగితం. ఆమాలు వాటిని బిస్కెట్ డబ్బాల్లో పట్టుగుడ్డ చుట్టి దాచుకునేవాళ్ళు. ఆ ఇంగ్లీషు చదవడం ఎవరికీ రాదు. కొత్త చోట పని అడిగేటప్పుడు ముందు డబ్బా మూత తీసేవాళ్ళు. చీటీ వచ్చిన రోజు కొళాయి దగ్గర అందరి ముందూ ఎవరైనా పిల్లల చేత తెలుగులో చదివించుకోవడం కూడా ఆనవాయితీయే.

అత్త చీటీ నేను చదవాలి. ఆ సాయంత్రం ఆమె తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, పాసార్ బజారు నుంచి ఆకుపచ్చ కొబ్బరి మిఠాయి తెచ్చి పళ్ళెంలో పెట్టింది. నేను బిందె బోర్లించి దాని మీదెక్కి నిలబడ్డాను. కాగితం విప్పాను.

పెద్ద మాటలు. అన్నీ నాకు తెలిసినవే, ఆ నెలే స్పెల్లింగు పరీక్షలో పదికి పది తెచ్చుకున్న మాటలు. మనిషి నమ్మకస్తురాలు, శుభ్రంగా ఉంటుంది. బుద్ధి మందం. నిరంతరం సూపర్విజన్ ఉండాలి. ఇంగ్లీషు జ్ఞానం నెగ్లిజిబుల్. మోటు పనికి తగును.

ఎందుకలా రాసిందో ఎవరూ చెప్పలేదు. కానీ ముందురోజు దొరసాని కూతురు ఓడెక్కనని మొండికేసి, తల్లి చేయి విదిలించుకుని పరుగున వచ్చి అత్త కాళ్ళు చుట్టేసుకుందని అత్తే మురిసిపోతూ చెప్పింది. చీటీ రాసింది ఆ రాత్రే. నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆరేళ్ళు బిడ్డని పెంచినందుకు కూలి అది. ఆ దొరసాని బతికుందో చచ్చిందో నాకు తెలియదు, నేను మాత్రం ఆవిడని క్షమించలేదు.

"సదవే కోడలా" అంది అత్త.

చదివాను. ఈమె చాలా తెలివైనది. చెప్పకుండానే పని అందుకుంటుంది. మా బిడ్డకి రెండో తల్లి. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది. ఎక్కడికి వెళ్ళినా ఆ ఇంటి అదృష్టం. అలా తడుముకోకుండా చదివేశాను. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. అత్త కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. మిఠాయిలో పెద్ద ముక్క నాకే పెట్టారు. తిన్నాను కూడా.

ఆ తరవాత రెండు వారాలు నరకం. రోజూ అత్త మళ్ళీ చదవమనేది. నిన్న ఏం కల్పించానో గుర్తుపెట్టుకుని అదే అప్పజెప్పాలి. ఒకసారి మరిచిపోయి వేరే మాట కలిపాను. "ఇది నిన్న నేదే?" అంది. "చిన్న అక్షరాల్లో ఉందత్తా" అన్నాను. నమ్మింది. అంత నమ్మినందుకు అత్త మీద కూడా నాకు కోపమే.

ఆసుపత్రిలో ఇంటర్వ్యూకి నన్ను తోడు తీసుకెళ్ళింది. మేట్రన్, అంటే అక్కడి నర్సులందరికీ పెద్ద, ఒక చైనీస్ ఆవిడ, కళ్ళజోడు, తెల్ల టోపీ. అత్త బెదరలేదు. బేబీని లేపడం వేకప్, బట్టలు డ్రెసప్, షికారు టేకౌట్, ఇంటికి బ్రింగ్ బ్యాక్ అంటూ చేతులతో చూపిస్తూ గడగడా చెప్పింది. మేట్రన్ నవ్వు ఆపుకుంటూ, పిల్ల ఏడుస్తుంటే ఏం చేస్తావని అడిగింది.

"పికప్" అంది అత్త. "దెన్ ఫైండవుట్."

మేట్రన్ పకపకా నవ్వింది. సొరుగులోంచి ఒక ఫారం తీసి, కలం మూత విప్పి, పేరు అడిగింది. అయిపోయింది, ఉద్యోగం వచ్చేసింది, నేను కళ్ళారా చూశాను. ఫారం మీద అత్త పేరు సగం రాసింది కూడా.

చీటీ ఎవరూ అడగలేదు.

అత్త ఒళ్ళోని డబ్బా మూత తీసింది. గుడ్డ విప్పి, కాగితం రెండు చేతులతో అందించింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపొచ్చు. ఒక్క కేక వేయొచ్చు. గచ్చు మీద గళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాను.

మేట్రన్ రెండుసార్లు చదివింది. "ఇది నీకు ఎవరు చదివి పెట్టారు?" అంది. అత్త గర్వంగా నన్ను చూపించింది. "అయితే నువ్వే చెప్పు" అంది మేట్రన్ నాతో. నేను అత్త కొంగు వెనక్కి నక్కాను. అప్పుడు ఆవిడే చెప్పింది, అత్తకి అర్థమయ్యే చిన్న చిన్న మాటల్లో, మెల్లగా. నీ బుర్ర నెమ్మది అని రాసింది. రోజంతా నీ వెనక ఎవరో నిలబడాలట. నీకు ఇంగ్లీషు రాదట. అత్తకి ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోలేదు.

"ఇది నేను చూడకపోతే వేరు. చూశాక నిన్ను తీసుకోవాలంటే ఫైల్లో పెట్టాలి, పైవాళ్ళు చదువుతారు" అంది మేట్రన్. మంచి మనిషే, కాగితం తిరిగి ఇచ్చేసి, రాసిన సగం పేరు మీద గీత కొట్టింది. బట్టలు ఉతికే చోట ఖాళీ వస్తే కబురు పెడతానంది. రాలేదు.

బస్సులో అత్త కిటికీ వైపు కూర్చుంది. రబ్బరు తోటలు దాటాక డైరీ, పెన్సిలు తీసింది.

"సదువు. ఈపాలి ఉన్నది ఉన్నట్టు."

చదివాను, ఏడుస్తూ. "సూపర్విజన్ అంటే?" అంది. వెనకుండి చూడడం అన్నాను. తెలుగులో రాసుకుంది. "నెగ్లిజిబుల్ అంటే?" లేనట్టే లెక్క అన్నాను. అదీ రాసుకుంది. ఒక్కో మాటా అడిగి, అర్థం చెప్పించుకుని, తనని తిట్టిన తిట్లన్నీ పాఠంలా రాసుకుంది. పక్కన బొమ్మలు మాత్రం వేయలేదు.

రాయడం అయ్యాక అంది. "సెప్పుంటే ఆ కాయితం ఇంటికాడ ఒగ్గేసి ఒచ్చీదాన్ని కదే. నోటితో ఎలిపోదును."

కొట్టి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. నెల తిరక్కుండా జోహోర్ వెళ్ళిపోయింది. ఆ పదకొండు మందికీ వండింది, వాళ్ళ పిల్లలకీ వండింది, అక్కడే పోయింది. నేను టీచరునయ్యాక చూడ్డానికి వెళితే, "మా కోడలు, పెద్ద ఇంగ్లీసు" అని అందరికీ చూపించేది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేదాన్ని. లైన్లు పడగొట్టేశారు, కొళాయి ఎక్కడుండేదో ఇప్పుడు నేను కూడా చూపించలేను. డబ్బా, డైరీ, చీటీ నాకు వచ్చాయి.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. టీ లేకుండానే బయటికి వచ్చాను.

పెరూ అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ప్రతి చిన్న మాటకీ ఆమెకి తెలిసిన పెద్ద మాట వెతికి చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది, తరవాత ఎర్రబడింది.

"ముప్పై మంది క్లాసు ఆంటీ. ఆవిడ నాతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. నేను మాట్లాడనని ఎలా రాస్తుంది?" అంది. ఒక్క వాక్యం కూడా మధ్యలో వదల్లేదు.

"చైల్డ్‌కేర్ వాళ్ళు ఈ కాగితం అడిగారా?"

"లేదు. ఉంటే తెమ్మన్నారు."

"అయితే లేదు" అన్నాను. కాగితం మడిచి నా దగ్గర పెట్టుకున్నాను. "నోటితో వెళ్ళు. ఇప్పుడు చెప్పు, పిల్ల ఏడుస్తోంది. ఏం చేస్తావు?"

ఆమె నిటారుగా కూర్చుంది. ముందు కారణం ఇన్వెస్టిగేట్ చేస్తానని మొదలుపెట్టింది. నేను బల్ల మీద గుద్దాను. ఉప్పు డబ్బా ఎగిరింది, ఆమె కూడా ఎగిరింది.

"నువ్వు కారణం తేల్చేదాకా పిల్ల ఏడుస్తూ ఉండాలా? ముందు పికప్. తరవాత ఫైండవుట్. అను!"

అంది. మళ్ళీ అనమన్నాను. మధ్యాహ్నం దాకా అనిపించాను. మా అత్త డైరీ ముందు పెట్టుకుని, బీరువా బొమ్మ, బట్టల తీగ బొమ్మ చూపిస్తూ చెప్పాను. ఆ తెలుగు అక్షరాలు ఆమెకి రావు, బొమ్మలు చాలు.

శుక్రవారం ఆమె ఖాళీ చేతులతో ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఉద్యోగం సంగతి ఇంకా తెలియలేదు. టీచరు కాగితం బిస్కెట్ డబ్బాలో, అత్త చీటీ కింద పెట్టి మూత వేశాను. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పడానికి నాకు ఒక జీవితం పట్టింది, అదీ అత్తకి కాదు.